చూసేవాళ్ల సౌకర్యం

"ఈ బట్టలు నా సౌకర్యం కోసమా అమ్మా, చూసేవాళ్ల సౌకర్యం కోసమా?" అని అడిగింది నా కూతురు. అడిగి ఊరుకున్నా బాగుండేది. మా అన్న కొడుకు పెళ్లికని డల్లాస్ నుంచి నల్లగొండ వెళ్లాం. ఇంటినిండా చుట్టాలు. వాళ్లందరి మధ్య నుంచి, ఒంటికి పట్టి సాగే నల్లటి పొడవు గౌనులో, ఐదో నెల కడుపుతో నింపాదిగా నడిచి వెళ్లి టీ తెచ్చుకుంది. పెళ్లింట్లో నలుపు. ఆపైన కడుపుతో ఉన్న పిల్ల. ఆపైన దాచుకోని కడుపు. ఏ ఒక్కదానికీ సంజాయిషీ చెప్పలేక నేను వంటింట్లోకి వెళ్లి, ఎవరూ అడగని ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను.

తన కోసం గడియారం సెంటర్ దగ్గర కొన్న వదులు కుర్తాలు, కాటన్ నైటీలు సంచిలోంచి బయటికే రాలేదు. కడుపుతో ఉన్నప్పుడు బట్ట ఎంత వదులైతే అంత సుఖమని నా నమ్మకం. మా అమ్మాయి ఒప్పుకోదు. కడుపు బరువును కింద నుంచి కాస్త ఎత్తిపట్టే సాగే బట్ట ఉంటేనే నడుముకు హాయి అంటుంది. పాదాల దాకా జారే వదులు గుడ్డ మెట్ల మీద కాళ్లకు అడ్డం పడుతుందట. కడుపు పెరిగేకొద్దీ ఒంటి బరువు ముందుకు వస్తుంది, నిలకడ తప్పుతుంది, కాబట్టి ఆ మాట కొట్టిపారేయదగ్గదేమీ కాదు. కొట్టిపారేశాను. "మాకు తెలియదా, మేం కనలేదా" అనే మాట నా నోట్లోంచి మా అమ్మ గొంతుతోనే వచ్చింది.

నిజానికి నేను వదులు బట్టలు కొన్నది దిష్టికి భయపడి. ఆ సంగతి మా అమ్మాయికి చెప్పలేదు. డల్లాస్‌లో ఇంజనీరుగా ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, కంటి చూపుకు బరువుంటుందని ఏ ముఖంతో చెప్పను? అందుకే "గాలి ఆడుతుంది, కాటన్ మంచిది" అని శాస్త్రం మాట్లాడాను. అందులో అబద్ధం లేదు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది, ఒంటి వేడీ ఎక్కువగా తెలుస్తుంది. జనవరి తెల్లవారుజామున మేమంతా శాలువాలు కప్పుకుంటే తను ఫ్యాను వేయమంది. నిజమైన కారణం ముందు మంచి కారణం ఒకటి నిలబెట్టి మాట్లాడటం మా ఇంట్లో పాత విద్యే.

ఆ విద్యను మా అమ్మాయి చిన్నప్పటి నుంచే చూస్తోంది. ఊరికి వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్ విమానాశ్రయం బాత్రూంలో జీన్స్ విప్పి చీర కట్టుకుని బయటికి వచ్చేదాన్ని. బయట మా మామయ్య నిలబడి ఉండేవారు. చీర పిన్నులు పట్టుకుని పక్కన నిలబడేది మా అమ్మాయి. "ప్రయాణంలో జీన్స్ హాయి, ఇంటికి చీర హాయి" అని దానికి చెప్పేదాన్ని. ఏడేళ్ల పిల్ల నమ్ముతుంది. ముప్పై దాటిన పిల్ల ఎందుకు నమ్ముతుంది?

మా అమ్మకు ఎనభై దాటాయి. నైటీ అనేది ఆమె ఒంటిమీద ఒక్కనాడూ పడలేదు. ఆమె కాన్పులన్నీ నారాయణపేట నేత చీరల్లోనే గడిచాయి. సన్నటి గళ్లు, ఎర్రంచు, ఉతికేకొద్దీ మెత్తబడే నూలు. ఆలోచిస్తే గర్భిణికి చీరను మించిన బట్ట లేదనిపిస్తుంది. మూడో నెలలో కట్టిందే తొమ్మిదో నెలలోనూ కట్టుకోవచ్చు, కుచ్చిళ్లు రెండు తగ్గుతాయి, అంతే. కొలతలు మారవు, కొత్తది కొనే పనిలేదు. బిడ్డకు పాలు పట్టేటప్పుడు కొంగే చాటు. పాతబడ్డాక అదే చీర పొత్తిగుడ్డ, ఆ తరువాత బొంత. ఇదంతా మా అమ్మాయికి ఉపన్యాసంలా చెబుదామని సిద్ధమయ్యాను కూడా.

ఆ సాయంత్రం స్నానం చేసి చీర మార్చుకుంటున్న అమ్మకు కొంగు అందించబోయి ఆమె నడుము చూశాను. లంగా బొందు పడే చోట, చుట్టూ, వేలెడు వెడల్పున నల్లటి గాడి. చర్మం అక్కడ గట్టిపడి, మెరుస్తూ ఉంది. ఎప్పటినుంచి అని అడిగితే "చీర కట్టిననాటి నుంచీ" అంది. నొప్పి లేదా అంటే, కడుపుతో ఉన్నప్పుడు బొందు పైకి కడితే ఊపిరాడేది కాదని, కిందికి కడితే చీర జారేదని, బిగించి కట్టుకోవడమే అలవాటైందని ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. నా ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది.

మరునాడు వదినతో కలిసి ప్రకాశం బజారుకు వెళ్లాను. మానలేదు, ఇంకో రకం నైటీల కోసం వెళ్లాను. బాలింతల కోసమని ఇప్పుడు ప్రత్యేకంగా అమ్ముతున్నారు. ఎదభాగం మీద రెండువైపులా మడతల్లో దాచిన జిప్పులుంటాయి, పాలు పట్టేటప్పుడు మొత్తం తెరవక్కర్లేదు. ఆలోచన మంచిదే. కానీ వాటిలో చాలావాటికి జిప్పు చివర లోహపు తోక వేలాడుతోంది. ఒకటి తీసి నా చెంపకు రాసుకున్నాను. దుకాణం అబ్బాయి నవ్వు ఆపుకున్నాడు. నవ్వితే నవ్వాడు, పాలు తాగే బిడ్డ చెంప ఆనేది అక్కడే కదా. లోపల గుడ్డ మడత ఉండి జిప్పు ఒంటికి తగలనివి వెతికి తీశాను. గుడ్డను గుప్పిట్లో నలిపి చూశాను. ముడత పడితే నూలు, పడకుండా జారిపోతే అందులో పాలిస్టర్ ఉన్నట్టు. ముదురు రంగులను ముందు ఉప్పు నీళ్లలో నానబెట్టి విడిగా ఉతకాలని వదిన చెప్పింది. లోదుస్తుల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం గుసగుసల్లోకి దిగాం. అమెరికాలో అరవగలిగిన సైజు నల్లగొండలో గొంతు దాటి రాదు. తీగ లేనివి, ముందువైపు విప్పుకునేవి తీసుకోవాలి. ఎనిమిదో నెల దాకా ఆగి కొనడం మంచిది, పాలు పడ్డాక కొలత మళ్లీ మారుతుంది కాబట్టి కాస్త జాగా ఉండాలి. బిగుతుగా ఉంటే పాలు గడ్డకట్టి నొప్పి పుడుతుంది. ఇవేవీ మా అమ్మ నాకు చెప్పలేదు. నేనూ మా అమ్మాయికి ఫోనులో రాసి పంపానే తప్ప నోటితో చెప్పలేదు. అది ఒక బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంది.

మెట్టెల దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. విమానంలో పాదాలు ఉబ్బి, వేళ్లకు మెట్టెలు దిగబడ్డాయి. సబ్బునీళ్లు పోసి తీసేసింది. "ఐదో నెలలో మెట్టెలు తీస్తారా?" అని నేను. "రక్తం ఆడకపోతే వేలు తీస్తారు" అని అది. అల్లుడు తెల్లవాడు, మెట్టెలంటే ఏమిటో అతనికి పెళ్లి దాకా తెలియదు. ఉన్నా లేకున్నా అతనికి ఒకటే. నాకే ఒకటి కాదు. అయినా నా మెట్టెలు నేను డల్లాస్‌లో బూట్లు వేసుకునే రోజుల్లో ఎన్నిసార్లు డబ్బీలో పెట్టానో దానికి బాగా తెలుసు. ఆ మాట ఎత్తకుండా వదిలేసింది. ఎత్తి ఉంటేనే నాకు తేలికగా ఉండేది, తిరిగి అరవడానికి వీలుండేది.

పెళ్లి మర్నాడే సీమంతం పెట్టుకున్నాం. నేను కొన్నది పోచంపల్లి పట్టు, బరువు. అమ్మ తన పెట్టెలోంచి గద్వాల చీర తీసింది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచును ఒంటితో మగ్గం మీదే కలిపే పనిని కుప్పడం అంటారు. చూసేవాళ్లకు అంచు పట్టు కనిపిస్తుంది, కట్టుకున్నవాళ్లకు నూలు తగులుతుంది. మా అమ్మాయి ఆ చీరకు వెంటనే ఒప్పుకుంది, కానీ లంగా వద్దంది. గర్భిణుల కోసం కుట్టిన లెగ్గింగు, కడుపు మీదుగా పైదాకా సాగే వెడల్పు పట్టీ ఉన్నది, తొడుక్కుని కుచ్చిళ్లు ఆ పట్టీలో దోపుకుంది. బొందు లేదు, ముడి లేదు. చీర జారలేదు. గాజులు కూడా చేతివాపు చూసి ఒక కొలత పెద్దవి తెప్పించాం, లేకపోతే ముత్తయిదువలు తొడిగేటప్పుడు చెయ్యి నలిగేది.

అమ్మ దగ్గరికి పిలిచి, చీర కాస్త పక్కకు జరిపి, ఆ పట్టీని రెండు వేళ్లతో లాగి వదిలింది. మళ్లీ లాగి వదిలింది. "ఇలాంటిది ఉండగా మేమెందుకు బిడ్డా నడుములు కోసుకున్నాం?" అంది. తరువాత నా వైపు తిరిగి, "దాన్ని ఎలా వీలైతే అలా ఉండనివ్వు" అంది. ఇన్నేళ్లూ నేను ఎవరికి జడిసి బాత్రూముల్లో చీరలు మార్చానో వాళ్ల వరుసలో మా అమ్మ కూడా ఉంది. ఆవిడ ఇలా పార్టీ మార్చేస్తే నేను ఎవరి తరఫున పోట్లాడాలి?

కాన్పు తరువాత సంగతికి వస్తే నా పరిస్థితి ఇంకా అన్యాయం. మా అమ్మాయి పుట్టినప్పుడు అమ్మ నల్లగొండ నుంచి పాత చీరలు పెట్టెనిండా తెచ్చింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కాళ్లకు మేజోళ్లు, నడుముకు చింపిన చీర చుట్లు చుట్లుగా. బాలింతకు గాలి సోకకూడదు. హీటరు నడిచే అపార్టుమెంటులో గాలి ఎక్కడిదని అడిగే ధైర్యం లేక అన్నీ కట్టించుకున్నాను. అమ్మ నిద్రపోగానే దూది తీసి దిండు కింద దాచేదాన్ని. తలగుడ్డ బాత్రూంలో విప్పేదాన్ని. నడుంగుడ్డ మాత్రం విప్పలేదు. ఎవరో వెనక నుంచి పట్టుకుని నిలబెట్టినట్టుండేది. ఆ గుడ్డ వల్లనే పొట్ట లోపలికి పోతుందని అమ్మ అంటే నమ్మాను. గర్భసంచి తనంతట తానే ఆరు వారాల్లో యథాస్థితికి వస్తుందని తరువాత తెలిసింది. కట్టు వల్ల ఊతం దొరుకుతుంది, ఆపరేషన్ అయితే లేచి నడిచేటప్పుడు నొప్పి కాస్త తగ్గుతుంది, అంతవరకే. మరీ బిగిస్తే ఒత్తిడి కిందికి పడి మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇంత తెలిసీ నల్లగొండలో మా అమ్మాయితో ఏమన్నాను? "నేను అన్నీ పాటించాను కాబట్టే ఈ వయసులో నాకు నడుం నొప్పి లేదు" అన్నాను. నొప్పి ఉంది. అమృతాంజనం వాసన రాకుండా దాని గదికి దూరంగా వెళ్లి రాసుకున్నాను.

మా వదిన పెద్ద కోడలు ప్రభుత్వ ఆసుపత్రిలో కన్నప్పటి ముచ్చట ఒకటి అక్కడే విన్నాను. అలా కన్నవాళ్లకు తెలంగాణ ప్రభుత్వం 2017లో ఇవ్వడం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో తల్లికి చీరలు, బిడ్డకు బట్టలు, తువ్వాలు, దోమతెర ఉండేవి. ఆ అమ్మాయి చీరలు దాచుకుని నైటీల్లోనే తిరిగిందట, ఎవరైనా వస్తే భుజాల మీద తువ్వాలు. నల్లగొండలో సగం వీధులు అలాగే నడుస్తాయి. పాలవాడు వస్తే తువ్వాలు, కూరగాయల బండి వస్తే చున్నీ. నైటీ సౌకర్యం, తువ్వాలు చూసేవాళ్ల సౌకర్యం. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు మా వీధి ఎప్పుడో జవాబు కనిపెట్టుకుంది, నేనే గమనించలేదు.

ఇప్పుడు డల్లాస్‌లో పెట్టె సర్దుతున్నాను. మేలో కాన్పు. కూతురి ఇంటికి వెళ్లి రెండు నెలలు ఉంటాను. తను పంపిన జాబితాలో ముందు గుండీలున్న చొక్కాలు, ఆపరేషన్ అయితే కుట్టుకు పైన ఆగే ఎత్తు నడుము పైజామాలు, ముదురు రంగు లోదుస్తులు ఉన్నాయి. కాన్పు తరువాత నెల, నెలన్నర దాకా మైల రక్తం పోతూనే ఉంటుంది కనుక అది తెలివైన పనే. బిడ్డకు టోపీలు వద్దంది. పిల్లల పక్కలో విడి దుప్పట్లు వద్దని, ఇంట్లో టోపీలు పెట్టవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనలు నాకు పంపింది. పసిబిడ్డలకు వేడి ఎక్కువైతే ప్రమాదమట. అమ్మ కుట్టిన బొంత పక్కలో వేయదు. గోడకు తగిలిస్తానంది. గోడకు చలేస్తుందా అని అందామనుకుని మింగేశాను. మేలుకున్న బిడ్డను మన కళ్లముందు నేల మీద పడుకోబెట్టడానికి బొంతను మించింది లేదని మాత్రం చెప్పాను. "అది కుదురుతుంది" అంది. ఆ ఒక్క మాటకు ఆ పూటంతా ఈలలు వేస్తూ తిరిగాను.

పాత చీర ఒకటి నడుంగుడ్డ కొలతకు చింపి, అడుగున పెట్టాను. అడిగితేనే తీస్తాను. అడిగేలా నాలుగుసార్లు గుర్తుచేయనని మాత్రం మాట ఇవ్వలేను.

ఇక మిగిలింది నా బట్టలు. అల్లుడి తల్లి కూడా అదే నెలలో ఒహాయో నుంచి వస్తోంది. ఆవిడ పొద్దున లేవగానే ఇస్త్రీ చొక్కా, ప్యాంటు వేసుకునే మనిషి. రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే నేను పరుగెత్తాల్సింది నైటీలో. పగలు కూడా వంటింట్లో నాకు చేతులాడేది అందులోనే. నా మటుకు నేను నైటీలో తిరగనా, ఆవిడ ఉన్నన్నాళ్లూ చుడిదార్లలో ఉక్కిపోనా అని మా అమ్మాయిని అడిగాను. "నీ ఇష్టం అమ్మా" అంది. పెట్టెలో రెండు రకాలూ పెట్టాను, తువ్వాలు కూడా.