స్క్రమ్ కూలాక నా మెడ

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా వీధిలో ఇంటికొకరు ఆర్మీలో ఉంటారు. నేనూ అలాగే వెళ్లాను. కబడ్డీ ఆడిన ఒళ్లు కదా, యూనిట్‌లో రగ్బీ జట్టుకి తీసుకుని హుకర్‌గా నిలబెట్టారు.

రగ్బీలో స్క్రమ్ అంటే, బంతి కోసం రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది వంగి ఒకరినొకరు నెట్టుకుంటారు. ముందు వరుస ముగ్గురూ ఎదుటివాళ్ల తలల మధ్య తలలు దూర్చాలి. నడిమధ్యలో హుకర్. అతనికి అటూ ఇటూ ఉండే ఇద్దరినీ ప్రాప్‌లంటారు. అతని రెండు చేతులూ ఆ ప్రాప్‌లని పట్టుకుని ఉంటాయి కాబట్టి స్క్రమ్ కూలితే ఆన్చుకోవడానికి చేతులు ఉండవు, ముందు తలే నేలకి తగులుతుంది. వెనక నుంచి తోపు ఇంకా వస్తూనే ఉంటుంది. మామూలుగా మెడ ఎముకలకి చిన్న వంపు ఉంటుంది. తల కాస్త దించితే ఆ వంపు పోయి, బరువంతా నిటారుగా ఎముకల మీదే పడుతుంది.

ఆ రోజు మా ప్రాప్‌కి జ్వరం. ఎప్పుడూ ముందు వరుసలో ఆడని కుర్రాణ్ణి తెచ్చి పెట్టారు. శిక్షణ ఉన్నవాళ్లు సరిపడా లేకపోతే నెట్టుడు లేని స్క్రమ్‌లే ఆడించాలని రూల్ ఉంది. ప్రాక్టీస్ మ్యాచే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పడ్డప్పుడు నొప్పి తెలియలేదు. రెండు చేతుల్లో కరెంటు పాకింది, తర్వాత చేతులు ఉన్నాయో లేవో తెలియలేదు. కళ్ల ముందు గడ్డి, ఎవరిదో బూటు, దాని స్టడ్‌కి అంటిన తడి మట్టి. ఇద్దరు చంకల్లో చేతులు వేసి లేపబోతే మా నర్సింగ్ అసిస్టెంట్ అరిచి ఆపాడు. మోకాళ్ల మీద కూర్చుని నా తలని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. మెడ మెలిపడకుండా ఒళ్లంతా ఒక్కసారే తిప్పించి బోర్డు మీదికి చేర్పించాడు. ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఎన్ని దండాలు పెట్టాలో ఆయనకీ అన్ని పెట్టాలి.

మెడలో సి5, సి6 అనే ఎముకల మధ్య ఉండే మెత్తటి డిస్క్ వెనక్కి జారి వెన్నుపాముని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. మెడ ముందు వైపు నుంచి కోసి, డిస్క్ తీసేసి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. వెన్నుపాము తెగలేదు, కమిలింది. కాళ్లు ముందు తేరుకున్నాయి, చేతులు మాత్రం చాలా సతాయించాయి.

సిక్ లీవులో ఇంటికొచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. కాలర్ చూసి వచ్చినవాళ్లందరూ వైద్యులే. సెలూన్ మామ అయితే "ఒక్క విసురు విసిరితే సర్దుకుంటాది బాబూ" అంటూ చేతులు రుద్దుకుంటూ దగ్గరికొచ్చాడు. అమ్మ అడ్డం నిలబడి టీ గ్లాసు చేతిలో పెట్టింది. తాత గోల వేరు: "కోడి రామ్మూర్తి ఏనుగుని గుండెల మీద ఎక్కించుకున్న జిల్లారా ఇది. బంతి కోసం మెడ విరగ్గొట్టుకుని వచ్చినావేటిరా?" ఏనుగు ఎక్కింది ఛాతీ మీద తాతా, మెడ మీద కాదు అన్నాను.

పడుకుని ఫోన్‌లో ఈ గాయాల గురించే చదివేవాణ్ణి. ఒకప్పుడు రెండు జట్లూ ఎడంగా నిలబడి ఢీకొట్టేవి. 2013 నుంచి రిఫరీ 'క్రౌచ్, బైండ్, సెట్' (వంగండి, పట్టుకోండి, కలవండి) అని పిలుస్తున్నాడు. ముందు ప్రాప్‌లు ఎదుటివాళ్లని పట్టుకోవాలి, ఆ తర్వాతే కలవాలి. పందొమ్మిదేళ్ల లోపు పిల్లల ఆటలో మీటరున్నర దాటి నెట్టకూడదు. న్యూజిలాండ్‌లో 2001లో కోచ్‌లకీ రిఫరీలకీ భద్రతా శిక్షణ తప్పనిసరి చేశాక స్క్రమ్‌లో వెన్ను గాయాలు బాగా తగ్గాయి.

కుడి చేతి బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉంది. చొక్కా గుండీలు పెట్టుకోగలను, నేల మీది రూపాయి బిళ్ల తీయడం మాత్రం కష్టం. రగ్బీ వద్దన్నారు, నేనూ బతిమాలలేదు. మొన్న సంక్రాంతికి మా ఊరి కబడ్డీ కమిటీని ఒకటి అడిగాను: ఎవరైనా తల కిందికి పెట్టి పడితే 108 వచ్చేదాకా లేపొద్దని ఆటకి ముందే మైకులో చెప్పమని. సరేనన్నారు, కానీ మైకు నా చేతికే ఇచ్చారు.