చెన్నై ఉక్కలో గిటార్‌కి లక్క పాలిష్

నేను సొంతంగా చేసుకున్న గిటార్‌కి చెక్క పని కంటే పాలిష్‌కే ఎక్కువ కాలం పట్టింది. చెన్నైలో పాలిష్ ఎప్పుడు ఆరాలో నిర్ణయించేది గాలి, మనం కాదు.

వెనక పలకకీ పక్కలకీ పనస వాడాను. పెరంబూరులో మా వీధి చివర తలుపులు చేసే ఆచారిగారి దగ్గర బాగా ఎండిన పాత చెక్క దొరికింది. బొబ్బిలి వీణకైనా తంజావూరు వీణకైనా పనసే కదా, గిటార్‌కి మాత్రం ఎందుకు పనికిరాదు? ఆయనే నమ్మలేదు. "ఇంత పల్చగా చిత్రిక పడితే నిలుస్తుందా బాబూ?" అన్నారు. పక్కలు 2 మిల్లీమీటర్లకు దిగితేనే, తడిపి వేడి ఇనప గొట్టానికి ఆనించినప్పుడు విరగకుండా వంగుతాయి. పై పలకకి స్ప్రూస్ చెక్క ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆరు స్టీలు తీగలూ బిగిస్తే లాగుడు సుమారు 70 కిలోలు ఉంటుంది కాబట్టి లోపల ఎక్స్ ఆకారంలో బద్దలు అతికించాను.

మెడ మీద అడ్డంగా దిగ్గొట్టే లోహపు కడ్డీలైన ఫ్రెట్ల దగ్గర కంటి అంచనా పనిచేయదు, లెక్కే. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుంటే, దాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ 36.4 దగ్గర పడుతుంది. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తూ పోతే పన్నెండోది సగంలో, 324 దగ్గర పడాలి. కొలతలన్నీ నట్ నుంచే, అంటే మెడ పై కొసన తీగలు ఆనే చిన్న పట్టీ నుంచే తీసుకోవాలి. ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కి కొలిస్తే చిన్న తేడాలన్నీ పోగవుతాయి.

ఇక పాలిష్. లక్క రేకులు స్పిరిట్‌లో కరిగించి వడకట్టి, నూలుగుడ్డలో దూది మూటకట్టి, దానితో గుండ్రంగా రుద్దాలి. గుడ్డ పట్టేయకుండా చుక్క నూనె. అంతకుముందు ఉప్పుకాగితం పని ఉంటుంది, దాని గురించి చెప్పడానికేమీ లేదు, చేతులు నొప్పెడతాయి అంతే. అసలు చిక్కు తేమ. స్పిరిట్ ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో నీరు ఎక్కువుంటే అది పూతలో చిక్కుకుని తెల్లగా మసకేస్తుంది. తలుపుల మీద ఇది చాలాసార్లు చూసిన ఆచారిగారు "వానలు పోయి సంక్రాంతి రానివ్వండి, అప్పటిదాకా ముట్టుకోకండి" అన్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాలు, ఆగక తప్పలేదు. నన్నడిగితే ఆ నెలల్లో పాలిష్ డబ్బా మూతే తీయకూడదు.

జనవరిలో మొదలుపెట్టి, పొద్దెక్కాక గాలి పొడిబారిన వేళల్లోనే పూశాను. పై పలక మీద తీగల కింది కొసల్ని పట్టి ఉంచే బ్రిడ్జ్ కూర్చునే చోట ముందే టేపు వేశాను. జిగురు పాలిష్ మీద నిలవదు, దానికి పూత లేని ఒట్టి చెక్కే కావాలి.

తీగలు బిగించిన మర్నాడు బ్రిడ్జ్ వెనక పై పలక కాస్త ఉబ్బింది. చూసినవాళ్లు కంగారుపడ్డారు కానీ అంత లాగుడుకి ఆ మాత్రం ఉబ్బు మామూలే.