పల్లేరు కాయ మీద నింద

బుధవారం, కర్నూలు.

పొద్దున ఏడున్నరకే షెడ్డు రేకులు కాగుతున్నాయి. ఎడమ చక్రంలో గాలి పూర్తిగా దిగిపోయిన సెస్నా 172ఎన్ అనే చిన్న విమానం ఒకటి ఈ రోజు పని. హెల్పరు అప్పటికే టైరు గాట్లలోంచి పల్లేరు కాయ ఒకటి పీకి చూపించాడు. "ఇదే సార్, గుచ్చుకునింది."

మన సీమలో పంక్చరు అనగానే నింద పల్లేరు మీదికే పోతుంది. సైకిలు ట్యూబుకైతే అది చాలు. విమానం టైరుకు చాలదు. ఆ ముల్లు అర సెంటీమీటరు ఉంటే గొప్ప. 6.00-6 సైజు టైరులో పై రబ్బరునూ దాని కింది నైలాన్ పొరలనూ దాటాలంటే టైరు బాగా అరిగిపోయి ఉండాలి. దీనికి గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. తుమ్మ ముల్లో కంపచెట్టు ముల్లో అయితే వేరే సంగతి. రెండంగుళాల ముల్లు నిటారుగా దొరికితే కొత్త టైరులోకి కూడా దిగుతుంది.

ముల్లు కంటే ముందు చూడాల్సింది ఎర్ర గీత. రిమ్ము అంచు మీంచి టైరు మీదికి సాగేలా పెయింటుతో గీస్తారు. అది రెండు ముక్కలయింది. టైరు మీది ముక్క రిమ్ము మీది ముక్కకు రెండు వేళ్ళ దూరం జరిగింది. గాలి తక్కువైన టైరు, దిగేటప్పుడు బ్రేకు పడితే రిమ్ము మీద జారుతుంది. ట్యూబు దాంతోపాటు తిరుగుతుంది, వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని కదలదు. చిరిగేది ఆ రెండూ కలిసే చోటే.

విప్పడం గురించి. మిగతా రెండు చక్రాలకు ముందూ వెనకా చాక్స్ (దొర్లకుండా ఆపే దిమ్మెలు) పెట్టాలి. చక్రాన్ని మోసే కాలికి జాక్ ప్యాడ్ (జాకీ ఆనే దిమ్మ) బిగించి అక్కడే లేపాలి, బ్రేకు కాస్టింగు కింద జాకీ పెట్టకూడదు. సెస్నా కాలు స్ప్రింగు ఉక్కు కాబట్టి, లేస్తున్న కొద్దీ చక్రం లోపలికి జారి జాకీ ఒరుగుతుంది. ఒరిగితే మొండిగా పంపు కొట్టకూడదు. దించి, జాకీని నిలువుగా సర్ది, మళ్ళీ లేపాలి.

తర్వాత వాల్వు పిన్ను. ఈ టైరులో గాలి లేదని కంటికి తెలుస్తూనే ఉంది, అయినా పిన్ను పూర్తిగా తీసేశాకే రిమ్ము బోల్టుల మీద చెయ్యి వెయ్యాలి. ఈ రిమ్ము రెండు ముక్కలు, వాటిని పట్టుకుని ఉండేది ఆ మూడు బోల్టులే. లోపల గాలి ఉండగా విప్పితే రిమ్ము ముక్క ఎగిరి మనిషికి తగులుతుంది. ఈ ఒక్క విషయంలో నేను హెల్పర్లతో వాదన పెట్టుకోను, కసురుతాను.

రిమ్ముకు అంటుకుపోయిన టైరు అంచును స్క్రూడ్రైవరుతో పొడవకూడదు. మెత్తటి లోహం, గీత పడితే పగులు అక్కడే మొదలవుతుంది. చుట్టూ కొంచెం కొంచెంగా నొక్కుతూ వదిలించాలి.

ట్యూబు బయటికొచ్చింది. వాల్వు మొదట్లో సగం చుట్టూ చిరుగు, ఇంకెక్కడా సూది మోపినంత రంధ్రం లేదు. పల్లేరు నిర్దోషి. అలాగని టైరు లోపల చూడకుండా వదలలేదు. పాత గుడ్డ ముక్కతో చుట్టూ తుడవాలి, ముల్లు మొన ఎక్కడున్నా దారం పట్టుకుంటుంది. అది వదిలేస్తే కొత్త ట్యూబు సాయంత్రానికే పోతుంది.

గాలి ఎందుకు తగ్గిందో చూడాలి కదా. లాగ్ (పనులు రాసే పుస్తకం) చూస్తే చివరిసారి గాలి కొట్టింది మధ్యాహ్నం రెండింటికి, ఎండలో. ఈ మోడలుకు వెనక చక్రాల్లో గాలి ఒత్తిడి 29 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉండాలి, 29 అనే రాసి ఉంది. మూడు డిగ్రీల వేడికి ఒక శాతం చొప్పున లెక్కేసుకుంటే, కాలుతున్న కాంక్రీటు మీద 29 అంటే తెల్లవారుజామున 26కో అంతకంటే కిందికో వచ్చేస్తుంది. దాని మీద మామూలుగా కారే గాలి వేరే. 172ఎస్‌కు ఇదే సైజు టైరులో 42 కొట్టాలి. రెండు మోడళ్ళూ పక్కపక్కన నిలిపే చోట ఈ తికమక కూడా చూస్తుంటాం.

అలాస్కాలో నది ఒడ్డు గులకరాళ్ళ మీద దిగే సూపర్ కబ్ అనే చిన్న విమానాల లెక్క వేరు. వాటి 31 అంగుళాల బుష్‌వీల్స్ అనే లావుపాటి టైర్లలో గాలి పది పీఎస్‌ఐకి అటూ ఇటూ. అంత మెత్తటి టైరు రిమ్ము మీద జారక మానదని తెలిసే వాటికి ట్యూబు లేకుండా చేశారు, వాల్వు టైరు పక్క గోడలోనే పెట్టారు. టైరెంత తిరిగినా వాల్వు దాంతోనే తిరుగుతుంది. మన సెస్నాకు ఆ వెసులుబాటు లేదు, గాలి సరిగా ఉంచడమే దారి.

బిగింపు. ట్యూబుకు పౌడరు పూసి, గుండ్రంగా నిలిచేంత గాలి మాత్రం పట్టించాలి. లేకపోతే రిమ్ము ముక్కల మధ్య నలుగుతుంది. టైరు మీది ఎర్ర చుక్క ట్యూబు మీది పసుపు గీత దగ్గరికి రావాలి. గీత లేని ట్యూబైతే వాల్వు దగ్గరికి. బోల్టుల టార్కు (ఎంత గట్టిగా బిగించాలో ఆ కొలత) చక్రం మీది లేబుల్లోనే ఉంటుంది, దాన్ని చూడకుండా "చేతి అంచనా" వద్దు. గాలి పూర్తిగా కొట్టి, మొత్తం దించి, మళ్ళీ కొడితేనే ట్యూబు ముడతలు పోతాయి. గాలి బదులు నైట్రోజన్ కొడితే, ఆ సిలిండరుకు రెగ్యులేటరు (ఒత్తిడి తగ్గించేది) లేకుండా గొట్టం తగిలించడం ప్రాణాలతో చెలగాటం. బేరింగులకు కొత్త గ్రీజు, ఇరుసు నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ను, బ్రేకు బోల్టులకు సేఫ్టీ వైరు. పాత ఎర్ర గీత చెరిపి కొత్తది గీయించాను.

పని పూర్తయిందని ఇంకా సంతకం పెట్టలేదు. కొత్త ట్యూబుకూ టైరుకూ మధ్య ఇరుక్కున్న గాలి రాత్రికి బయటికి పోతుంది, రీడింగు కొంచెం పడుతుంది. రేపు ఎండ తగలక ముందే చూసి 29కి సరిచేయాలి. కుడి చక్రం గీత కూడా వెంట్రుకవాసి జరిగినట్టుంది. దాన్నీ విప్పాలి.