ఇరవై రెండో తేదీ కొవ్వొత్తి

మన హాస్టల్ బ్యాచ్ కలయిక కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. మొదటిసారి, "క్రిస్మస్ సెలవుల్లో కలుస్తున్నాం కదా, సంచికలో పండగ గురించి, విశ్వాసం గురించి ఒకళ్ళయినా రాయాలి, ప్రేయర్ లీడరువి నువ్వే కదా" అన్నారు. రెండోసారి, "1842లో మిషనరీ హయ్యరు అయ్యగారు గుంటూరు చేరిన దగ్గర్నుంచి మొదలెట్టు, బాగుంటుంది" అన్నారు. మూడోసారి చేసింది ముప్ఫై ఒకటి (ఇక్కడ అందరినీ పేర్లతో కాదు, హాస్టల్ నంబర్లతోనే పిలుస్తాను). దాని గొంతు వినగానే ఒప్పేసుకున్నాను. ఎందుకో దానికి తెలుసు. హయ్యరు అయ్యగారి సంగతి పాస్టరు గారు రాస్తారులెండి. నేను రాసేది దొంగతనం గురించి.

ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగేళ్ళు ఏమైపోయాయో నాకు తెలీదు. బోరింగు దగ్గర పాకుడు, శనివారం ఉప్మా, ఆదివారం మధ్యాహ్నం వరసగా కూర్చుని పేలు చూసుకోవడం, లెక్కల మాస్టారి "ఆయ్" తప్ప ఏమీ మిగల్లేదు. గోడ దూకిన బ్యాచ్ గురించి పదకొండు రాస్తానంది కాబట్టి అటు వెళ్ళను. నాకు పూర్తిగా గుర్తున్నది ఒక్క డిసెంబరు. 2012 డిసెంబరు.

ఆగమనం టీచరమ్మ గారి అసలు పేరు రాయను. రాస్తే మీరే గుర్తుపట్టరు. పగలు సాంఘికశాస్త్రం, సాయంత్రం వార్డెను. నవంబరు ఆఖరి వారం వచ్చి ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు, దగ్గరపడిందంటే ఆవిడ నడకే మారిపోయేది. ప్రేయర్ హాల్లో బల్ల మీదకి ఊదారంగు గుడ్డ వచ్చేది. దాని మీద మా అమ్మమ్మ అల్లిన లేసు. అమ్మమ్మది నరసాపురం పక్క. దొరసానులు నేర్పిన పని ఆవిడ చేతుల దాకా వచ్చి, కళ్ళు పోయేదాకా కూలికి అల్లించింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసినప్పుడు నాకు ఆ బల్లే గుర్తొచ్చింది. ఆ గుడ్డ మీద సిరా ఒలికించిన మహాతల్లి ఎవరో ఇక్కడ అనవసరం.

ఆ గుడ్డ పరిచిన రోజు నుంచి క్రిస్మస్ పాటలు బంద్. ఊరంతా పాడుతున్నా మనం పాడకూడదు. స్నానాల గదిలో కూనిరాగం తీసినా తలుపు మీద బెత్తం చప్పుడయ్యేది. "నొప్పులే రాలేదు, అప్పుడే జోలపాటా?" అనేవారు. ఇక పండక్కి ముందే చేసేసుకునే సెమీ క్రిస్మస్ అన్న మాట వింటే చాలు, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!" ఈ సామెత ఆవిడ నోటి నుంచి ఎన్నిసార్లు విన్నామంటే, తెలుగు పరీక్షలో సొంతవాక్యానికి తొమ్మిదిమంది సెమీ క్రిస్మస్ పెట్టి రాశారు. అయినా సెమీ క్రిస్మస్ ఆగేదా? సెలవులకి పిల్లలంతా ఇళ్ళకి పోతారు, పోయేలోపు బళ్ళో పండగ అయిపోవాలి. ఆవిడ ఆఖరి వరసలో చేతులు కట్టుకుని కూర్చునేవారు. కేకు మాత్రం రెండు ముక్కలు తినేవారు. నేను చూశాను.

ఇప్పుడు రిమ్ము సంగతి.

వాచ్‌మన్ తాత పాత సైకిలు రిమ్ము. దాని చుట్టూ తీగతో బిగించిన సోడా మూతలు, పేరుపాలెం నుంచి ఎవరో తెచ్చే సరుగుడు రెమ్మలు. ప్రేయర్ హాలు దూలానికి తాడుతో వేలాడేది. ఏటేటా మొదటి ఆగమన ఆదివారం ఆవిడ ఆ కథ చెప్పేవారు. 1839లో జర్మనీలో హాంబర్గులో విచెర్న్ అనే అయ్యగారు దిక్కులేని పిల్లల కోసం ఒక ఇల్లు నడిపేవాడు. పిల్లలు పొద్దున లేస్తే "క్రిస్మస్ ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది" అని ప్రాణం తీసేవారు. ఆయన ఒక పాత బండిచక్రం తెచ్చి, ఆదివారాలకి నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మామూలు రోజులకి ఇరవై చిన్న ఎర్రవి పెట్టి, రోజుకొకటి వెలిగిస్తూ పోయాడు. (ఆయన పేరు జర్మనులు అలా పలకరని తర్వాత తెలిసింది. నాకు విచెర్నే.) మనలో సగంమంది అలాంటి పిల్లలమే అని ఆవిడ అనలేదు. అనకుండానే అర్థమయ్యేది.

మన దగ్గర కొవ్వొత్తులకి డబ్బు తక్కువ కాబట్టి రోజుకొకటే వెలిగేది, ప్రార్థన అయ్యాక ఆరిపోయేది. వెలగాల్సినవి బిస్కెట్ల రేకు డబ్బాలో ఉండేవి, ఒక్కోదానికీ తేదీ చీటీ చుట్టి. 2012లో మొదటి ఆదివారం డిసెంబరు 2 కాబట్టి మొత్తం ఇరవై మూడు. డబ్బా ఉండే బీరువా తాళం ప్రేయర్ లీడరు దగ్గర. అంటే నా దగ్గర.

ఆ ఏడు కరెంటు ఎలా ఉండేదో మీకు నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా స్టడీ అవరు గంట కొట్టగానే పోయేది. హాలుకొక కిరసనాయిలు దీపం. దాని చుట్టూ ముప్ఫై తలకాయలు, ఒక జడ కాలిన వాసన. పైగా యుగాంతం! మాయన్ల లెక్క ప్రకారం 21వ తేదీతో సరి అని టీవీలు రాత్రీ పగలూ ఊదరగొట్టాయి. ఇరవై రెండు తన సున్నుండల డబ్బా పదిహేనో తారీకునే ఖాళీ చేసింది. పదకొండు నా పరికిణీ ఉతికి, మడత పెట్టి మరీ వాపసు ఇచ్చింది. ఒకమ్మాయి లెక్కల మాస్టారికి క్షమాపణ ఉత్తరం రాసి, 22న బతికే ఉన్నందుకు నాలుగు నెలలు తల దించుకు తిరిగింది. ఆగమనం టీచరమ్మ గారు మత్తయి 24:36 చదివించి, "పరలోకంలో దూతలకే తెలీదంటే మాయన్లకి తెలిసిందా? కూర్చోండి, పటంలో గోదావరి గుర్తించండి" అన్నారు. అంతే, యుగాంతం మీద చర్చ అక్కడితో సమాప్తం.

పదహారో తారీకు ఆదివారం రాత్రి. పొద్దున్నే భౌతికశాస్త్రం అర్ధసంవత్సర పరీక్ష. ప్రవాహ విద్యుత్తు పాఠం ఒక్క ముక్క రాదు. దీపం దగ్గర చోటు లేదు. తాళం నా మెడలో ఉంది. అప్పుడు నా బుర్రలో మెరిసిన లెక్క ఇది: 21తో లోకం అంతమైతే 22వ తేదీ కొవ్వొత్తితో ఎవరికి పని? అంతం కాకపోతే, అప్పుడు చూసుకుందాం. లోకం అంతమైతే పరీక్ష మార్కులతో మాత్రం ఏం పనో, ఆ సంగతి ఆ రాత్రి తట్టలేదు. ఇరవై రెండోది తీశాను. చీటీ విప్పి జేబులో పెట్టుకున్నాను. మెట్ల కింద, చీపుర్ల పక్కన కూర్చుని కొవ్వొత్తి వెలుగులో ఓమ్ నియమం చదివాను.

21న లోకం అంతమవలేదు. సెమీ క్రిస్మస్ అయింది. మర్నాడు అందరూ పెట్టెలు పట్టుకుని వెళ్ళిపోయారు. నేను మిగిలాను. అమ్మ కువైట్‌లో ఇంటిపనిలో ఉంది, అమ్మమ్మ ఆగస్టులో పోయింది, మావయ్య వాళ్ళది హైదరాబాదులో ఒక్క గది. కాబట్టి ఆ పండక్కి హాస్టల్లో ముగ్గురం: టీచరమ్మ గారు, వాచ్‌మన్ తాత, నేను.

సాయంత్రం ప్రార్థనకి డబ్బా ఆవిడే తెరిచారు. ఖాళీ. 22 లేదు, 23 లేదు, 24 లేదు. నాకు నోట మాట రాలేదు. నేను తీసింది ఒక్కటే కదా! ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. నేరుగా తాత దగ్గరికి వెళ్ళి, "బీడీల కోసం కొవ్వొత్తులు కూడానా" అని మొదలుపెట్టారు. తాత తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "నాకేం తెలుసండి, ఆయ్" అన్నాడు, అంతే. ఆయన రిమ్మే అది.

ఆ రాత్రి నిద్ర పట్టిందని చెప్పను. ఆదివారం గుడిలో వాక్యం ఏమిటో ఒక్క ముక్క ఎక్కలేదు. మధ్యాహ్నం ఆవిడ అన్నం తింటుంటే వెళ్ళి నిలబడి చెప్పేశాను.

"ఏ సబ్జెక్టుకి?" అన్నారు.

"భౌతికశాస్త్రమండి. కరెంటు పాఠం."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "కరెంటు పాఠానికి కొవ్వొత్తా?" నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "మిగతా రెండూ?"

"తెలీదండి. నేను ఒక్కటే."

నమ్మలేదు. మజ్జిగ పోసుకుంటూ, ముందు తాత దగ్గరికి వెళ్ళి చెప్పమన్నారు. నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి నా వెనకే ఆవిడా వచ్చి, నాకంటే ముందు తనే తాతకి క్షమించమని చెప్పారు. టీచర్లు అలా చేస్తారని నాకు అప్పటిదాకా తెలీదు.

కొట్టు గేటు ఎదురుగానే ఉంది. రెండు రూపాయలిస్తే కొవ్వొత్తి. ఆవిడ కొనలేదు, నన్ను కొననివ్వలేదు. "చీటీ ఉందా?" అన్నారు. జేబులో నలిగిన చీటీ తీసి ఇచ్చాను. దాన్ని సోడా మూతలో పెట్టించారు. 23కి, 24కి కొత్త చీటీలు రాయించారు. ఆ రెండు సాయంత్రాలూ కరెంటు లేదు, కొవ్వొత్తీ లేదు. ఊదా గుడ్డ కూడా కనపడని చీకట్లో ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ ప్రార్థన పొడుగ్గా చేయలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండేవారు. దోమలు. తాత దగ్గు. కాలువ అవతల ఎవరివో సౌండు బాక్సుల్లో కేరల్స్.

24 రాత్రి తొమ్మిదింటికి ఆవిడ చిన్న నోకియా మోగింది. అక్కడ ఇంకా ఆరున్నరే. అమ్మ. "కేకు తిన్నావా?" అంది. తిన్నానన్నాను. "కొత్త బట్టలు?" ఉన్నాయన్నాను. కార్డు అయిపోయి మూడో నిమిషంలో కట్ అయింది. ఫోన్ తిరిగి ఇవ్వబోతుంటే, "ఉంచు, ఆరిపోయేదాకా ఉంచు" అన్నారు. తెరకి ఉన్న ఆ కాస్త వెలుగూ ఆరిపోయాక పాట ఎత్తుకున్నది ఆవిడే. నవంబరు నుంచి బిగపట్టిన పాట.

మిగతాది తొందరగా చెప్తాను. 41 వచ్చాయి యాభైకి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ బ్రాంచి తీసుకున్నాను, తర్వాత ఈసెట్ రాసి బీటెక్. ఇప్పుడు డెల్టాలోనే కరెంటు డిపార్ట్‌మెంట్లో ఒక సెక్షన్‌కి ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీర్ని. నా కింద రెండు 33/11 కేవీ సబ్‌స్టేషన్లు, బోలెడన్ని రొయ్యల చెరువులు. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు లైను పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రైతుకి ఏడాది కష్టం నీళ్ళ మీద తేలుతుంది. అందుకని మూడింటికి ఫోన్లు వస్తాయి: "ఎప్పుడొస్తుంది మేడం? ఎప్పుడొస్తుంది?" విచెర్న్ గారి పిల్లల్లాగే. నాకు విసుగు రాదు. లైన్‌మన్‌లకి అదే ఆశ్చర్యం.

డిసెంబరు వస్తే మన వాళ్ళే నాకు తలనొప్పి. ప్రతి గుడికీ సీరియల్ సెట్లు, సగం చోట్ల తీగల మీద కొక్కేలు. టెంపరరీ కనెక్షన్ తీసుకోండయ్యా అంటే, "మన బిడ్డే కదా ఏఈ" అంటారు. కొక్కెం పీకించిన గుడిలోనే ఆదివారం నా పక్కన పెద్దమ్మ కూర్చోలేదు. సెమీ క్రిస్మస్‌లకి పిలుపులు ఈ ఏడు ఇప్పటికే పదకొండు. వెళ్తాను, కేకు తింటాను, ఆఖరి వరసలో చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఉద్యోగంలో చేరాక రెండు క్రిస్మస్ రాత్రులు సబ్‌స్టేషన్‌లోనే గడిచాయి. అమ్మ 2018లో వచ్చేసింది, క్వార్టర్స్‌లో నాతోనే ఉంటుంది. జనవరి ఒకటిన గుడిలో తీసుకున్న, బైబిలు వాక్యం ఉన్న వాగ్దానం కార్డు ఏడాదంతా పర్సులో పెట్టుకుంటుంది. నేనూ తీసుకుంటాను, ఎక్కడో పారేసుకుంటాను. పెళ్ళి ఎప్పుడని అమ్మ అడిగితే ఆలూ లేదు చూలూ లేదు అని తప్పించుకుంటాను.

విశ్వాసం గురించి రాయమన్నారు కదా. పదిహేనేళ్ళప్పుడు పొడుగ్గా ప్రార్థన చేసేదాన్ని, అందుకే లీడర్ని చేశారు. ఇప్పుడు నా ప్రార్థనలు పొట్టివైపోయాయి. కొన్నిసార్లు మాటలే రావు. రాని రోజున కంగారుపడను. ఆ రెండు సాయంత్రాలూ వెలిగించడానికి ఏమీ లేకుండా కూర్చున్నాం కదా, అది కూడా ప్రార్థనేనని ఆవిడ అన్నట్టు నాకు జ్ఞాపకం. నిజంగా అన్నారో, నేనే అనిపించానో తేల్చుకోలేకపోతున్నాను. ఆవిడ వస్తున్నారట కదా, అడుగుతాను.

అందుకే ఈలోపు లెక్క తేలాలి. నాది 22. మరి 23 ఎవరు తీశారు? అది ఆదివారం కొవ్వొత్తి, పెద్ద తెల్లది. దాని వెలుగులో చదివినవాళ్ళకి ఆ పరీక్షలో మార్కులు బాగా వచ్చి ఉండాలి. 47 ఎవరికొచ్చాయో నోటీసు బోర్డు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. నేను స్నానానికి వెళ్ళినప్పుడు తాళం ఎవరి మంచం మీద వదిలేదాన్నో అదీ గుర్తుంది. ముప్ఫై ఒకటీ, కమిటీకంటే ముందు నీకే పంపుతున్నాను ఈ వ్యాసం. 24 సంగతి మాత్రం నాకు ఊహకి కూడా అందట్లేదు.

హాస్టల్ వదిలిన రోజు ఆవిడ ఇచ్చిన ఆ రేకు డబ్బా నా దగ్గరే ఉంది, తీసుకొస్తున్నాను. ఎవరిది వాళ్ళు తెచ్చి అందులో పెట్టండి. చీటీలు నేను రాసి తెస్తాను.