కొండ కోసం కరకట్ట మీద ఐదు నెలలు

ఆషాఢం చివర్లో ఒక ఆదివారం మంగళగిరి ఘాట్ రోడ్డు మీద, రెండో మలుపు దగ్గరే సైకిలు దిగేసి తోసుకుంటూ నడిచాను. కాలినడకన కొండెక్కుతున్న ఒక పెద్దాయన నన్ను దాటి వెళ్తూ, "బాబూ, అది నిన్ను మోస్తోందా, దాన్ని నువ్వు మోస్తున్నావా?" అన్నారు. నవ్వడానికి కూడా ఊపిరి లేదు.

అప్పటికి ఏడాదిగా తొక్కుతున్నాను. రోజూ తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం నుంచి కరకట్ట మీద ముప్పై కిలోమీటర్లు. నిన్నటికంటే ఒక్క నిమిషమైనా ముందు ఇంటికి చేరాలన్న పంతం. బల్లపరుపు రోడ్డు మీద చెల్లిన ఆ పంతం కొండ దగ్గర చెల్లలేదు. సంక్రాంతి వెళ్లాక కోటప్పకొండకు సైకిలు మీదే వెళ్లి రావాలని అప్పుడే అనుకున్నాను. బెజవాడ నుంచి గుంటూరు, నరసరావుపేట మీదుగా రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఘాట్ రోడ్డు సరిగ్గా మధ్యలో, అలసట మొదలయ్యే చోట వస్తుంది.

మొదట మా మెకానిక్ దగ్గరికి వెళ్లాను. పెడళ్ల దగ్గరి చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక చక్రం దగ్గరి పెద్దదానికి 28. వెనక కూడా 34 పళ్లది వేయించుకోమన్నాడు. అప్పుడు పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది, వేగం తగ్గినా ఎక్కడం తేలికవుతుంది. "అది ముసలివాళ్ల గేరు కదా" అన్నాను. అతను నా పొట్ట వైపు చూసి ఊరుకున్నాడు. గొలుసును మార్చే భాగం కూడా కొత్తది కావాల్సి వచ్చింది, ఖర్చు కాస్త గట్టిగానే తగిలింది.

అసలు కష్టం నెమ్మదిగా తొక్కడం. వారంలో మూడు రోజులు మాట్లాడగలిగే వేగం దాటకూడదని నియమం పెట్టుకున్నాను. కొలవడానికి పదిహేనో ఎక్కం పైకి చదివేవాణ్ణి. "పదిహేను ఏడ్లు నూట అయిదు" దగ్గర ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టే. చేపలు పట్టేవాళ్లు ఒకరిద్దరు నన్ను వింతగా చూశారు. నా కంటే వయసు మళ్లినవాళ్లు నన్ను దాటిపోతుంటే ఊరుకోవడం నిజంగా చేతకాలేదు, రెండు వారాలు పట్టింది. బుధవారం మాత్రం మంగళగిరి కొండ. సగం దాకా కూర్చునే ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఆదివారం దూరం యాభైతో మొదలుపెట్టి వారానికి పది చొప్పున పెంచాను. ప్రతి నాలుగో వారం తగ్గించి కాళ్లకు విశ్రాంతి ఇచ్చాను.

తొంభై కిలోమీటర్ల ఆదివారం అమరావతి నుంచి తిరిగి వస్తుంటే తుళ్లూరు దాటాక చేతులు వణికాయి. కళ్లు మసకబారాయి. పొద్దున రెండు ఇడ్లీలు తిని బయలుదేరాను, దారిలో నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. గట్టిగా తొక్కితే ఒంట్లో దాచుకున్న చక్కెర సుమారు రెండు గంటలకు మించి రాదు. ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. అమ్మ విని, "పానకాల స్వామి కొండ ఎక్కుతూ పానకం మాత్రం తాగవా?" అంది. ఆ తర్వాత నా సీసాలో యాభై గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పు, మిరియాలు, ఏలకులు. జేబులో అరటిపళ్లు. ఫోను గంట ప్రతి ఇరవై నిమిషాలకు మోగితే ఒక గుక్క.

జనవరి చివర తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాను. చలి, మంచు. నరసరావుపేట దాకా ఎక్కాలు అప్పజెప్పుకుంటూనే వెళ్లాను. ఘాట్ రోడ్డు మొదట్లోనే, బింకానికి పోకుండా, ముసలివాళ్ల గేరు వేశాను. నడిచేవాళ్ల కంటే కాస్త వేగం, అంతే. మలుపుల లోపలి అంచు నిటారుగా ఉంటుంది కాబట్టి బయటి అంచు పట్టుకున్నాను. ఒక్కసారి కూడా దిగలేదు.

కోటప్పకొండ మీద కాకులు వాలవని చెబుతారు. పైకి చేరాక ఫోను చేస్తే అమ్మ మొదట అడిగింది అదే. "నిజంగా కాకులు లేవా?"

"ముందు చక్రం తప్ప ఏమీ చూడలేదమ్మా," అన్నాను.