చెవి కింద క్షయ బిళ్ల: సూది పరీక్ష నుంచి ఆరు నెలల మందు వరకు

ఎడమ చెవి కింద, దవడ మూలకు కాస్త వెనకగా బిళ్ల కట్టినప్పుడు అది పంటి వల్ల వచ్చిందనే ఇంట్లో అందరం అనుకున్నాము. పన్ను, గొంతు, చెవి, తలమీది చర్మం, వీటిలో ఎక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ వైపు లింఫ్ గ్రంథులు ఉబ్బుతాయి, నొక్కితే నొప్పి పెడతాయి, సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతాయి. నాకు నొప్పి లేదు. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయినా బిళ్ల తగ్గలేదు సరికదా, దాని కిందనే మరొకటి లేచి, రెండూ ఒకదానికొకటి అతుక్కున్నట్లు చేతికి తగలసాగాయి.

పెరంబూరులో మా పక్కింటి నెల్లూరు పెద్దమ్మగారు సున్నం, బెల్లం కలిపి పట్టు వేయమన్నారు. వీధి చివరి క్లినిక్‌లో కోసేద్దామన్నారు. ఆ రెండో సలహా వినగానే ఈఎన్‌టీ వైద్యురాలు గట్టిగా వారించారు. క్షయ వల్ల ఉబ్బిన గ్రంథిని కోసి వదిలితే గాయం మానకుండా నెలల తరబడి కారవచ్చట. "ముందు సూదితో తీసి చూద్దామమ్మా, అదేమిటో తెలియకుండా కత్తి పెట్టకూడదు" అన్నారు.

ఎఫ్‌ఎన్‌ఏసీ అనే ఆ పరీక్షకు మత్తు కూడా అవసరం కాలేదు. బిళ్లను రెండు వేళ్ల మధ్య కదలకుండా పట్టి, కాసేపు గుటక వేయవద్దని చెప్పి, సన్నని సూదిని లోపలే ముందుకూ వెనక్కూ ఆడించి, వచ్చిన చిక్కని ద్రవాన్ని గాజు పలకల మీద పూశారు. మిగిలినదాన్ని సెలైన్ సీసాలో వేసి సీబీనాట్ అనే జన్యు పరీక్షకు పంపారు. ఈ రెండో భాగం సంగతి రోగులు తప్పక అడగాలని నా అభిప్రాయం, ఎందుకంటే క్షయ క్రిమి ఉందో లేదో చెప్పడమే కాక, ప్రధానమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా ఆ పరీక్షే చెబుతుంది. నాకు క్షయ అని, మందుకు లొంగేదేనని తేలింది.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అయినా అత్తయ్య నా కంచం, గ్లాసు వేరుగా పెట్టారు. గ్రంథుల్లో మాత్రమే ఉన్న క్షయ ఇతరులకు అంటదని వైద్యురాలు చెప్పాకగాని ఆమె మనసు కుదుటపడలేదు. ఊపిరితిత్తుల క్షయ రోగులకు సైతం ఇంట్లోనే ఉంచి మందులిస్తే శానటోరియంలో, అంటే క్షయ రోగుల ప్రత్యేక ఆసుపత్రిలో, ఇచ్చినంత ఫలితం ఉంటుందని, అందువల్ల ఇంట్లోవారికి అదనపు ముప్పు లేదని, 1956లో ఇదే చెన్నైలో ప్రారంభమైన క్షయ పరిశోధన కేంద్రం నిరూపించి 1959లో ప్రకటించింది. ఆ కేంద్రమున్న చేట్‌పట్టు మా ఇంటికి దూరమేమీ కాదు.

మందు ప్రభుత్వ కేంద్రంలో ఉచితం. బరువును బట్టి నాకు రోజుకు నాలుగు మాత్రలు, పరగడుపున. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని, దానికి భయపడనవసరం లేదని, చూపు మసకబారినా, ఎరుపు, పచ్చ రంగులు తేడాగా కనిపించినా మాత్రం వెంటనే రావాలని చెప్పారు. క్షయ రోగుల వివరాలుంచే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదు చేశాక పోషణకు నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడ్డాయి.

రెండో నెలలో బిళ్ల తగ్గడానికి బదులు పెరిగి, పైచర్మం ఎర్రబడింది. మందు పనిచేస్తున్నప్పుడే, చనిపోతున్న క్రిముల అవశేషాలపై శరీరం తిరగబడటం వల్ల కొందరికి ఇలా జరుగుతుందట. క్రిమి మందుకు లొంగేదేనన్న తొలి రిపోర్టు చేతిలో ఉంది కనుక మందు మార్చలేదు, సూదితో చీము తీసి అదే కొనసాగించారు. ఆరు నెలలు పూర్తయ్యేసరికి సెంటీమీటరుకు లోపు గట్టి ముడి ఒకటి మిగిలింది. అలా మిగలడం మామూలేనని, పెరిగితేనో, సాయంత్రం పూట జ్వరం వస్తేనో రమ్మని చెప్పి చికిత్స ముగించారు.