రామలక్ష్మణులకు నూనె పెట్టిన రోజు

ముసురు విడిచి ఇవాళ ఎండ కాసింది. చెమ్మకు గొట్టాలు తుప్పు పట్టకముందే రామలక్ష్మణులను బీరువాలోంచి తీశాను. దసరా దగ్గర పడింది, ఎలాగూ తీయాల్సిందే.

తాత పంట కాపలాకు లైసెన్సు తీసుకుని కొన్న పన్నెండు బోరు జంటగొట్టాల తుపాకి ఇది. కుడి గొట్టం రాముడు, ఎడమది లక్ష్మణుడు. ముందు ట్రిగ్గర్ అన్నది, వెనకది తమ్ముడిది. తాత ఈ పేర్లు గుణం చూసే పెట్టాడు. కుడి గొట్టం మూతి కాస్త వదులు, సీసపు గుళ్లు పరుచుకుంటూ పోతాయి. ఎడమదాని మూతి బిగువు, గుళ్లను చెదరనీయకుండా దూరం పంపుతుంది. కోపం కూడా దానిదే. స్ప్రింగు పాతబడింది, పైగా అప్పట్లో కాగితపు తూటాలు. చెమ్మ తగిలిందంటే ట్రిగ్గర్ నొక్కినా ఒక్కోసారి పేలేది కాదు. "లక్ష్మణుడు అలిగిండు, కదలొద్దు" అనేవాడట తాత. మూతిని ఖాళీ నేల వైపే ఉంచి, అర నిమిషం పైనే ఆగి, అప్పుడు గాని తుపాకిని మడిచి తూటా తీసేవాడు కాదు. ఆలస్యంగా అంటుకునే తూటా చేతిలో పేలితే మనిషి మిగలడు. బాపు ఈ జాగ్రత్త నేర్చుకున్నది ఆ అలక మాటతోనే, నేనూ అంతే. జాగ్రత్తల పట్టిక గోడకు అంటించి ఉంటే ఇంతగా ఒంటపట్టేది కాదని నా నమ్మకం.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకిని ఠాణాలో జమ చేసేవాళ్లం. "రామలక్ష్మణులు వనవాసం పోయిండ్రు" అనేది బాపమ్మ. తిరిగొచ్చిన రోజు గడపలోనే ఆపి ఎర్రనీళ్లతో దిష్టి తీసేది. బీరువా తాళంచెవి ఆమె బొడ్లోనే ఉండేది. తూటాల పెట్టె వేరే గదిలో. పిల్లలం ఎవరం తుపాకి దగ్గరికి ఆడుకోవడానికి పోలేదు, పెద్దవాళ్లు పడుకున్న గదిలోకి పోనట్టే.

ఇవాళ ముందు రెండు గొట్టాల్లోనూ తూటా లేదని వెలుతురుకు పట్టి చూసుకున్నాను. రాడ్డుకు గుడ్డ చుట్టి ఇటు నుంచి అటు లాగాను. లక్ష్మణుడిలో కాస్త మసి ఉంది, రాముడు అద్దంలా ఉన్నాడు. పైన సన్నగా నూనె పట్టించాను.

మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి బిడ్డ ఫోన్ చేసింది. గోల్కొండలో పెట్ల బురుజు ఎక్కి ఔరంగజేబు ఫిరంగిని చూసొచ్చిందట. దాని పేరు ఫతే రహ్‌బర్, విజయానికి దారి చూపేదని. నాకు ఆ పేరు మీద మొదటినుంచీ మనసు లేదు. 1687లో గోల్కొండను నెలల తరబడి ముట్టడించినా కోట లొంగలేదు, చివరికి లోపలివాడే తలుపు తీశాడు. దారి చూపింది ఫిరంగి కాదు. బీజాపూర్‌లో ఉన్న మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి, అంటే యుద్ధభూమికి యజమాని, 1549లో పోతపోసింది, ఏనుగును మింగుతున్న సింహం నోరు దాని మూతి. అదీ ఎదుటివాడు జడుసుకోవాలని పెట్టిన పేరే. తంజావూరుది మాత్రం నాకు ఇష్టం. మన తెలుగు నాయకరాజు రఘునాథుడి కాలంలో, ఇనప పట్టీలు కూర్చి, కడియాలు బిగించి చేసిన ఆ పెద్ద ఫిరంగిని రాజగోపాల అంటారు. అంత ఇనుముకు గోపాలుడి పేరు! దేవుడి పేరు పెట్టుకున్నదాన్ని పేల్చేముందు ఒక్క క్షణమైనా చెయ్యి ఆగుతుంది కదా. అన్నమయ్యను విష్ణువు ఖడ్గం నందకం అంశ అని కొలిచే జాతి మనది. కత్తి మనిషై పుట్టి పాటలు కట్టిందని నమ్మినవాళ్లకు తుపాకిలో రామలక్ష్మణులు కనిపించడం వింతేమీ కాదు.

ఇదంతా విని "మరి రైఫిల్‌కు పేరేదీ?" అంది. నిజమే. బాపు కొన్న ఇషాపూర్ పాయింట్ త్రీ వన్ ఫైవ్ రైఫిల్‌కు పేరు లేదు. బాపు దాన్ని వాడింది తక్కువ, గుణం తెలియకుండా పేరెట్లా పెడతామనేవాడు. తనకు వయసు మీదపడి లైసెన్సు నా పేరుకు మారాకా అది అట్లాగే ఉండిపోయింది. తూటాను లోపలికి తోసే బోల్టు మెత్తగా నడుస్తుంది, ఇంతవరకూ ఒక్క తూటా మొరాయించలేదు, మోత మాత్రం రామలక్ష్మణుల కంటే పదును. ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ పట్టిన పిల్ల కాబట్టి అన్నీ అడిగి తెలుసుకుంది. కాసేపు ఆలోచించి "శాంత" అంది. రాముడికి అక్క.

సాయంత్రం బాపుకు చెప్పాను. రైఫిల్ తెమ్మన్నాడు. బోల్టు తెరిచి ఖాళీ అని వేలుపెట్టి చూసుకున్నాడు, మూడు నాలుగుసార్లు నడిపాడు. "అక్క అయితే నవమి నాడు బొట్టు ముందు దీనికే పెట్టాలె" అన్నాడు.